అప్పు నిజమే కదా, ఆలోచన మారితే ఏమొస్తది?

ప్రశ్న: మా ఆయనకు 38 ఏండ్లు. పత్తి సాగు. రెండు బోర్లు ఎండిపోయినయి, అప్పు మీద పడ్డది. మూడు నెలల సంది ఎవరితో మాట్లాడడు, తెల్లారుజామున మూడింటికే లేచి కూసుంటడు. డాక్టరు డిప్రెషన్ అని మందులు రాసి, కౌన్సెలింగ్‌కు పంపిండ్రు. అక్కడ ఆలోచనలు మార్చుకోవాలంటున్నరు. ఆలోచన మారితే బోరుల నీళ్లొస్తయా?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ‘నేను లేకుంటేనే నయం’ లాంటి మాట ఆయన నోట వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పురుగుమందు డబ్బాలు ఇవాళే ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీ ప్రశ్న. ఆలోచనలు మార్చుకునే ఈ పద్ధతికి (కాగ్నిటివ్ థెరపీ) 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపమిచ్చారు. డిప్రెషన్ ఉన్నవారు తమ గురించి, చుట్టూ లోకం గురించి, రేపటి గురించి చెడుగానే తేల్చుకుంటారని ఆయన గమనించారు. ఆ ఆలోచనలతో జబ్బు వచ్చిందా, జబ్బుతో అవి వచ్చాయా అన్న వాదన ఇంకా తెగలేదు. మా దృష్టిలో, జబ్బు ఎందుకు మొదలైందో చెప్పడంలో ఈ సిద్ధాంతం బలహీనం. ఎందుకు వదలడం లేదో చెప్పడంలో గట్టిది. మొదలవడానికి అప్పు, వంశంలో జబ్బు, థైరాయిడ్ లోపం, ఏవైనా కారణం కావచ్చు. థైరాయిడ్ పరీక్ష చేయించకుంటే అడిగి చేయించండి.

‘అప్పుంది’ అన్నది నిజం, దాన్ని ఎవరూ కాదనకూడదు. ‘అంతా అయిపోయింది, నేను పనికిరాను’ అన్నది మీ ఆయన తీసుకున్న తీర్పు. చికిత్స ఆ తీర్పు మీదే. నోటుబుక్కులో ఇలా రాయిస్తారు: ఏం జరిగింది (బ్యాంకు ఫోన్), ఏమనిపించింది (అంతా అయిపోయింది), 100కి ఎంత నమ్మకం (90), దానికి అటూ ఇటూ ఉన్న రుజువులు, వాటిని చూశాక కొత్త మాట (ఈ పంటకు కట్టలేను, గడువు అడగొచ్చు), ఇప్పుడు పాత నమ్మకం ఎంత. 90 కాస్తా 60కి దిగినా గెలుపే.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, ఇంట్లోవాళ్లు దీన్ని ‘మంచిగ ఆలోచించు’ అనే ఉపదేశంగా మార్చినప్పుడు. తప్పంతా తనదేనని రోగికి అనిపిస్తుంది. రెండోది, స్నానానికే లేవలేని మనిషి చేతికి నోటుబుక్ ఇవ్వడం. అప్పుడు ముందు పనులతో మొదలుపెట్టాలి: ఏడింటికి స్నానం, పది నిమిషాలు చేను గట్టు దాకా నడక. ముందూ తర్వాతా మనసు ఎలా ఉందో 10కి మార్కులు వేయించండి. ఇలా పనులు పెంచడం ఒక్కటే, ఆలోచనల పని కూడా కలిపిన పూర్తి చికిత్సకు దీటుగా పనిచేసిందని 1996లో అమెరికా మనస్తత్వవేత్త జాకబ్సన్ బృందం చూపింది.

మందు ప్రభావం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కౌన్సెలింగ్‌కు సాధారణంగా 12–16 వారాలు పడుతుంది. మూడో వారంలో ‘లాభం లేదు’ అని ఆపేయకండి.

ప్రశ్న: మా తమ్ముడికి 16 ఏండ్లు, డిప్రెషన్ ఉంది. మందు లేకుండా మాటల చికిత్స (కౌన్సెలింగ్) ఒక్కటే సరిపోదా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: అమెరికాలో డిప్రెషన్ ఉన్న 327 మంది కౌమారులపై జరిగిన అధ్యయనంలో 36 వారాలకు మందుతో 81 శాతం, మాటల చికిత్సతో 81, రెండూ కలిపితే 86 శాతం మెరుగయ్యారు. 12 వారాల దగ్గర మాత్రం మాటల చికిత్స ఒక్కటే తీసుకున్నవారు 43 శాతమే, రెండూ తీసుకున్నవారు 71. అంటే తేడా వేగంలో ఉంది. 36 వారాల లెక్కలో మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జట్టు లేదు కనుక, ఎందరికి దానంతటదే తగ్గిందో ఆ అంకెలు చెప్పవు. జబ్బు తీవ్రంగా ఉంటే రెండూ కలిపి మొదలుపెట్టడం గురించే డాక్టరును అడగండి. తేలికపాటిదైతే మాటల చికిత్సతో మొదలుపెట్టొచ్చు.