కరెంటు పోయిన చోట మొదలుపెట్టు

అమలాపురం

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, చదివాను. రెండో పేజీలో "ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి జర్నల్ ఉంది కాబట్టి కరెంటు పోయినా డేటాకి ఢోకా లేదు" అని రాశావు. ఫైల్‌సిస్టమ్ అంటే డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు, జర్నల్ అంటే అది మార్పుల్ని ముందుగా రాసుకునే చిట్టా. చివరి పేజీ అడుక్కి వచ్చేసరికి, కాట్రేనికోన దగ్గర మీ నాన్నగారి రొయ్యల మేత కొట్లో ఓ సాయంత్రం కరెంటు పోయిందనీ, వచ్చాక చూస్తే ఆ రోజు అరువు లెక్కల ఫైలు సున్నా బైట్లు చూపించిందనీ ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. ఆ కంప్యూటర్లో లైనక్స్ వేసింది నువ్వే. అందులో ఉన్నదీ ఈఎక్స్‌టీ4నే. మరి ఢోకా లేని డేటా ఎక్కడికి పోయినట్టు? ఎక్కడో చదివినదాన్ని నమ్మి ముందు పెట్టావు, నీ కళ్లెదుట జరిగినదాన్ని చివరికి నెట్టేశావు. అది చూసి నాకు ఒళ్లు మండింది. అయినా ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మేతంతా అరువు మీదే పోతుంది, పట్టుబడి అయ్యాక గానీ డబ్బు చేతికి రాదు. ఒక రోజు అరువు లెక్క పోవడమంటే ఏమిటో ఈ డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందు ఆ పట్టిక తీసెయ్. ఈఎక్స్‌టీ4 వాల్యూమ్ 1 ఎక్సాబైటు (సుమారు వంద కోట్ల గిగాబైట్లు) దాకా, మిగతా ఫైల్‌సిస్టమ్‌లలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ 8, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 16 అని వరసపెట్టి పక్కన నక్షత్రాలు వేశావు. అంకెలు సరైనవే. కానీ కొట్లో ఉన్నది 500 గిగాబైట్ల డిస్కని నువ్వే రాశావు. ఆ డిస్కు ముందు కూర్చున్న మనిషికి ఎక్సాబైటు గురించి చెప్పడానికి నీకు పేజీ ఎలా దొరికింది? ఈ జబ్బు నీతో మొదలవలేదులే. "ఏది బెస్ట్" అని శీర్షిక పెట్టి, నాలుగు పేర్లూ నాలుగు స్పీడు అంకెలూ వేస్తే వ్యాసం అయిపోయిందనుకునే ఎడిటర్లు ఎన్నో ఏళ్లుగా కుర్రాళ్ల చేత ఇదే రాయిస్తున్నారు.

స్టోరేజీ గురించి రాసేవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: సరిగ్గా ఇప్పుడు కరెంటు పోతే డిస్కు మీద ఏం మిగులుతుంది? మిగతావన్నీ దాని తర్వాతే. లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌ల చరిత్రంతా ఈ ప్రశ్నకి చెప్పుకుంటూ వచ్చిన జవాబులే. 1993లో వచ్చిన ఈఎక్స్‌టీ2కి జర్నల్ లేదు. కరెంటు పోయి వస్తే డిస్కంతా మొదటి నుంచి చివరిదాకా ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాం తనిఖీ చేయాల్సిందే. డిస్కు పెద్దదయ్యేకొద్దీ ఆ నిరీక్షణ పెరిగేది. స్టీఫెన్ ట్వీడీ దానికి జర్నల్ తగిలించి ఈఎక్స్‌టీ3 చేశాడు, 2001లో అది లైనక్స్‌కి గుండెకాయ లాంటి అసలు కెర్నెల్లోకి వచ్చింది. 2008 చివర్లో ఈఎక్స్‌టీ4 స్థిరపడింది.

ఆ ఈఎక్స్‌టీ2 రోజులు నేను అనుభవించాను. మా కంప్యూటర్ సెంటర్లో పత్రికతో పాటు వచ్చిన సీడీతో లైనక్స్ వేసుకున్నాం. వేసవిలో కోతలు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి దాచుకునేవాణ్ణి, అప్పటికి అదే దారి. ఒకసారి కరెంటు వచ్చాక మెషిను పైకి లేవలేదు. ఎఫ్‌ఎస్‌సీకేని చేత్తో నడపమని సందేశం ఇచ్చి ఆగిపోయింది. నడిపితే ఫైలు వివరాలుండే ప్రతి ఐనోడ్‌కీ ఒక ప్రశ్న. వై నొక్కడం, మళ్లీ వై నొక్కడం. అంతా అయ్యాక లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే డైరెక్టరీలోకి వెళ్లి చూస్తే ఒక్క ఫైలుకీ పేరు లేదు. హ్యాష్ గుర్తు, పక్కన ఒక అంకె, అంతే. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాను. ఒకదాంట్లో స్టూడెంట్లు రాసిన సీ ప్రోగ్రాం, ఒకదాంట్లో ఎవరివో జీతాల లెక్కలు, ఇంకోదాంట్లో నా వ్యాసం నడిమి భాగం, వాక్యం సగంలో తెగిపోయి. పేరు వేరే చోట ఉంటుందనీ, లోపలి సరుకు వేరే చోట ఉంటుందనీ, రెంటినీ కలిపే ముడి ఊడిపోతే ఫైలు అనాథ అవుతుందనీ నాకు ఆ రాత్రి తెలిసినట్టు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆ సంగతే వ్యాసంగా రాసి ఒక పత్రికకి పంపాను. అచ్చయ్యాక చూసుకుంటే లాస్ట్ ప్లస్ ఫౌండ్ లేదు, కోత లేదు, నా పేరు కింద "లైనక్స్ నేర్చుకోవడానికి ఐదు కారణాలు" ఉంది. పాఠకుడికి బరువవుతుందని తీసేశామన్నారు. రాత్రికి రెండుసార్లు జనరేటర్ వేసుకునే చెరువుల రైతుకి కరెంటు పోవడం అర్థం కాదట! ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఇక నీ సున్నా బైట్లు. జర్నల్ అంటే మీ నాన్నగారి చిట్టా లాంటిది. ఆవర్జాలోకి ఎక్కించే ముందు వచ్చింది వచ్చినట్టు అందులో రాసేస్తారు. కానీ ఈఎక్స్‌టీ4 మామూలుగా నడిచే పద్ధతిలో ఆ చిట్టాకి ఎక్కేది ఏ ఖాతా ఏ పేజీలో ఉందన్న వివరమే, మొత్తం ఎంతో అందులో ఉండదు. ఫైలు పేరూ, సైజూ, ఏ బ్లాకుల్లో ఉందన్నదీ జర్నల్లోకి పోతాయి. అసలు డేటా పోదు. ప్రోగ్రాం సేవ్ చేశానన్నప్పుడు డేటా ఇంకా మెమరీలోనే ఉంటుంది. జర్నల్ సుమారు 5 సెకన్లకోసారి డిస్కుకి చేరుతుంది. మెమరీలోని డేటా మాత్రం 30 సెకన్ల దాకా ఆగొచ్చు. ఈఎక్స్‌టీ3లో జర్నల్ కదిలే ముందు డేటా కూడా కదిలేది. ఈఎక్స్‌టీ4 వేగం కోసం డేటాకి డిస్కు మీద చోటు కేటాయించడాన్నే వాయిదా వేస్తుంది. కాబట్టి కొత్త ఫైలు పుట్టిందన్న కబురు డిస్కుకి చేరి, అందులో ఏముందో చేరకముందే కరెంటు పోతే మిగిలేది పేరున్న ఖాళీ ఫైలు. నువ్వు చూసింది అలాంటిదే.

ఇది కొత్త గొడవ కాదు. 2009లో ఉబుంటు అనే లైనక్స్ పరీక్షా వెర్షన్ వాడిన వాళ్ల డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్లు ఇలాగే ఖాళీ అయిపోయి పెద్ద రభసే జరిగింది. ఈఎక్స్‌టీ4ని చూసుకునే థియోడర్ చో, డేటా డిస్కుకి చేరాలంటే ప్రోగ్రాములు ఎఫ్‌సింక్ అనే ఆదేశాన్ని పిలవాలని నిక్కచ్చిగా చెప్పాడు. చెబుతూనే కెర్నెల్ 2.6.30లో రెండు జాగ్రత్తలు పెట్టాడు: పాత ఫైలుని ఖాళీ చేసి మళ్లీ రాసినా, కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెట్టినా చోటు వెంటనే కేటాయిస్తుంది. పాత ఫైలు లేకుండా అప్పుడే పుట్టిన ఫైలుకి మాత్రం ఈ రక్షణ లేదు. మీ నాన్నగారి ప్రోగ్రాం రోజుకో కొత్త ఫైలు చేస్తుందా? చేస్తే మొదటిసారి సేవ్ ఎప్పుడు నొక్కారు, దీపం ఎప్పుడు ఆరింది? లేకపోతే ఆ డిస్కు తన లోపలి తాత్కాలిక మెమరీలో (క్యాష్‌లో) పెట్టుకుని రాసేశానని కెర్నెల్‌కి అబద్ధం చెప్పిందా? చవక డిస్కులు కొన్ని అలా చెబుతాయి. నీ వ్యాసం ఇదీ. పట్టికకి ఇందులో చోటెక్కడుంది?

ఊహించి రాయకు, చేసి చూడు. ఆ లెక్కల ప్రోగ్రాంని, అది కెర్నెల్‌ని ఏమేం అడుగుతోందో చూపించే స్ట్రేస్ కింద నడిపి, సేవ్ నొక్కినప్పుడు ఎఫ్‌సింక్ పిలుస్తోందో లేదో ఒక్కో పంక్తీ చూడు. పద్ధతి తెలిసిన ప్రోగ్రాం అయితే తాత్కాలిక ఫైలులో రాసి, దాన్ని ఎఫ్‌సింక్ చేసి, పేరు మార్చి, ఆ తర్వాత డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేస్తుంది. తర్వాత ఒక వర్చువల్ మెషిన్లో, అంటే కంప్యూటర్లోనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లో, ఈఎక్స్‌టీ4 వేసి, ఫైలు సేవ్ చేసి, కెర్నెల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కి బి అక్షరం పంపు. ఏదీ డిస్కుకి చేర్చకుండా, ఏదీ అన్‌మౌంట్ చేయకుండా అక్కడికక్కడే రీబూట్ అవుతుంది. సేవ్ చేశాక రెండు సెకన్లు ఆగి ఒకసారి, పది ఆగి ఒకసారి, నలభై ఆగి ఒకసారి చేసి ఏం మిగిలిందో రాసుకో. కరెంటు తీసి చూడకుండా ఫైల్‌సిస్టమ్ గురించి ఒక్క వాక్యం రాయకూడదన్నది నా పట్టుదల. దీని మీద ఎంతమందితోనో తగువు పడ్డాను, ఇంకా పడతాను.

ఎఫ్‌సింక్ పిలిస్తే చాలని కూడా రాసెయ్యకు. డిస్కులో రాయడం ఒకసారి విఫలమైతే మొదటి ఎఫ్‌సింక్ తప్పు జరిగిందని చెబుతుందనీ, రెండోసారి పిలిస్తే అంతా సవ్యమని చెప్పేస్తుందనీ, ఈలోగా డేటా పోయి ఉంటుందనీ 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు కనిపెట్టారు. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న డేటాబేస్! 2019లో తమ పద్ధతి మార్చారు. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా సర్వర్ ఆగిపోయి, తన లాగ్ నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ గురించి నువ్వు రాసిన పేరా ఉంచు, కాకపోతే తిరగరాయి. సన్ కంపెనీలో పుట్టిందనీ, 2005లో ఓపెన్‌సోలారిస్‌తో సోర్సు బయటికి వచ్చిందనీ, లైసెన్సు పేచీ వల్ల అసలు లైనక్స్ కెర్నెల్లోకి రాలేదనీ చెప్పి సరిపెట్టావు. అసలు విషయం ఏమిటంటే, డేటా ఉన్న బ్లాకు మీద అది ఎప్పుడూ రాయదు. కొత్త చోట రాసి, చివర్న పాత చోటుని చూపే గుర్తుని కొత్త చోటికి మారుస్తుంది. కరెంటు ఎప్పుడు పోయినా పాతదైనా ఉంటుంది, కొత్తదైనా ఉంటుంది. పైగా ప్రతి బ్లాకుకీ, లోపలిది మారిందో లేదో చెప్పే చెక్‌సమ్ అనే అంకె ఉంటుంది, డిస్కు తనంతట తాను పాడు చేసిన బైటుని కూడా పట్టుకుంటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌దీ ఇదే దారి. ఈఎక్స్‌టీ4 మన డేటాకి చెక్‌సమ్ వేయదు. కొన్ని డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా డేటాని తిరిగి కట్టేందుకు ప్యారిటీ అనే అదనపు లెక్క రాసే రెయిడ్-5కీ ఇదే ప్రశ్న వేసి చూడు: డేటా రాశాక, ప్యారిటీ రాయకముందు కరెంటు పోతే?

నీ ఫైలుకి తెలుగులో పేరు పెట్టావు, సంతోషించాను. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. లక్ష్మి అని రాస్తే ఒత్తులూ గుడీ విడివిడిగా లెక్కకొచ్చి 7 గుర్తులు, 21 బైట్లు. అంటే ఇంగ్లిష్‌వాడికి 255 అక్షరాల పేరు, మనకి 85 గుర్తులు. పొడుగాటి రైతు పేరూ ఊరూ తేదీ కలిపి ఫైలు పేరు పెట్టుకునే కొట్లో ఇది ఏదో ఒక రోజు అడ్డం తగులుతుంది. ఇలాంటివి మనం కాకపోతే ఎవరు రాస్తారు?

పారితోషికం సంగతీ, ఏ పత్రికకి పంపాలన్నదీ ఇప్పుడొద్దు. ఆ రోజు అరువులు మీ నాన్నగారు మళ్లీ ఎలా కూర్చుకున్నారో అడుగు. రైతుల నోటిమాట మీదా, మిగిలిన బస్తాల లెక్క మీదా? అది వ్యాసంలో ఉండి తీరాలి. ఆ ఖాళీ ఫైలుని ఎవరూ చెరపకపోతే ఫైలు వివరాలు చూపే స్టాట్ ఆదేశం కొట్టి చూడు, అది పుట్టిన సమయం ఐనోడ్‌లో ఉంటుంది. కోతకి సెకన్ల ముందు పుట్టిందా, పొద్దుటే పుట్టిందా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈసారి పీడీఎఫ్ వద్దు, మామూలు టెక్స్ట్ ఫైలు పంపు, మధ్యమధ్యలో రాసి ఇస్తాను. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. మీ నాన్నగారు ఒప్పుకుంటే ఆ డిస్కు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు