‘నువ్వేం జెంటిల్మన్‌వి?’ అన్న మాటకు కేసు వేయవచ్చా?

ఈ వారం సందేహం 1638 జూన్ నాటిది. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతపు భూస్వామి ఒకాయన రాసినట్టు ఊహించుకున్న ఉత్తరం. జవాబు మాత్రం ఆనాటి చట్టం ప్రకారమే. అప్పట్లో ‘జెంటిల్మన్’ అంటే మర్యాదస్తుడని కాదు, వంశాన్ని బట్టి వచ్చే హోదా.

ప్రశ్న: 1636 అక్టోబరులో పూటకూళ్ల ఇంట్లో పదిమందీ భోంచేస్తుండగా, చర్చిలో ముందు బెంచీ ఎవరిదన్న తగాదా వచ్చింది. పొరుగు భూస్వామి ‘నువ్వేం జెంటిల్మన్‌వి? మీ తాత మగ్గం నేసి బతికాడు. ఊళ్లో గొర్రెలన్నీ నీ మందలోనే ఉంటాయి’ అన్నాడు. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. నా భార్య చర్చికి వెళ్లడం మానేసింది. కత్తులతో తేల్చుకుందాం రమ్మని ఉత్తరం రాసి పెట్టాను, అది అందజేయడానికి మా బావమరిది సిద్ధంగా ఉన్నాడు. మేం తరతరాలుగా జెంటిల్మన్లమని ఊరందరికీ తెలుసు. 1630లో నైట్‌హుడ్ (‘సర్’ బిరుదు) తీసుకోనందుకు జరిమానా కట్టిన రసీదు కూడా ఉంది. 1623లో హెరాల్డులు, అంటే వంశాలు నమోదు చేసే రాజోద్యోగులు వచ్చినప్పుడు కోతలని మా నాన్న వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ బాధ గురించి చాలా రాశారు. కేసును నిలబెట్టేదీ పడగొట్టేదీ చివర్లో హెరాల్డుల గురించి రాసిన వాక్యం. దాన్నేమో ఏదో గుర్తొచ్చినట్టు రాసి వదిలేశారు.

ఇలాంటి మాటలకు ఫిర్యాదు చేయాల్సిన చోటు కోర్ట్ ఆఫ్ షివల్రీ. ఎర్ల్ మార్షల్ హోదాలో ఆరండెల్ ప్రభువు నడిపే ఈ కోర్టు 1634 నుంచి కత్తులు దూసుకునేలా రెచ్చగొట్టే మాటల మీద ఫిర్యాదులు జోరుగా విచారిస్తోంది. అయితే ఫిర్యాదుదారు జెంటిల్మన్ అయి ఉండాలి. అవతలివాడి వకీలు మొదట వేసే వాదన ఏమిటో తెలుసా? ‘ఇతను జెంటిల్మనే కాదు’ అని. అంటే ఏ మాట మీద మీరు కేసు వేస్తారో ఆ మాటే అతని డిఫెన్స్. మీ హోదా రుజువు కాకపోతే మీరు కేసు ఓడిపోవడమే కాదు, ఇన్నాళ్లూ నోటిమాటగా ఉన్న అవమానం కోర్టు కాగితాల్లోకి ఎక్కుతుంది.

‘ఊరందరికీ తెలుసు’ సరే, హెరాల్డుల పుస్తకానికి తెలుసా? 1623లో వాళ్లు సోమర్సెట్‌కు వచ్చింది వంశవృక్షాలు, కుటుంబ చిహ్నాలు నమోదు చేయడానికే. హక్కు చూపలేనివాళ్ల పేర్లను జెంటిల్మన్లు కారని బహిరంగంగా ప్రకటించడం కూడా వాళ్ల పనే. మీ నాన్నగారికి కోతల హడావుడి, ఒప్పుకుందాం. ఆ తర్వాత పదిహేనేళ్లలో మీకు ఒక్కసారైనా ఆ పుస్తకం చూడాలనిపించలేదా? ఆ రసీదును నమ్ముకోకండి. ఏడాదికి 40 పౌండ్ల భూమి ఆదాయం ఉండి నైట్‌హుడ్ తీసుకోనివాళ్లందరి దగ్గరా ఆ జరిమానా వసూలు చేశారు. మీకు భూమి ఉందని అది చెబుతుంది, వంశం గురించి ఏమీ చెప్పదు.

ఇక సాక్షులు. ఇక్కడ సాక్షి కోర్టుకొచ్చి మాట్లాడడు. కమిషనర్లు మీ ప్రాంతానికే వచ్చి, చాలాసార్లు ఏదో పూటకూళ్ల ఇంట్లోనే కూర్చుని, రాసి తెచ్చిన ప్రశ్నలు అడుగుతారు. గుమాస్తా జవాబులు రాసుకుంటాడు. అవతలివాడు కూడా ప్రశ్నలు పంపుతాడు: ఫిర్యాదుదారుకు నువ్వు బంధువువా, నౌకరువా, కౌలుదారువా? అప్పులు పోను నీ ఆస్తి ఎంత? మీ నౌకరును సాక్షిగా పెడితే అతని సాక్ష్యం ఈ ప్రశ్నల దగ్గరే వీగిపోతుంది. ఆ బల్ల దగ్గర ఉన్న పదిమందిలో మీ ఉప్పు తినని ఇద్దరు కావాలి, ఇద్దరూ అదే మాట చెప్పాలి. ఇంకొకటి: అతను ఆ మాట అనే ముందు మీరేమన్నారు? ఉత్తరంలో అది రాయలేదు. మీరే ముందు ‘అబద్ధాలకోరు’ అని ఉంటే, రెచ్చగొట్టింది మీరేనంటాడు. నాతో దాచకండి.

మిమ్మల్ని గొర్రెల దొంగ అన్నట్టున్న ఆ మాట మీద మామూలు కోర్టుకు, అంటే కామన్ లా కోర్టుకు వెళ్తే? 1623 కాలపరిమితి చట్టం ప్రకారం మాటలకు రెండేళ్ల గడువు. అంటే ఈ అక్టోబరుతో కాలదోషం పడుతుంది. గడువున్నా లాభం తక్కువ. నేరం చేశాడని సూటిగా అంటేనే ఆ జడ్జీలు వింటారు, రెండర్థాలున్న మాటకు మెత్తని అర్థమే తీసుకుంటారు. సర్ థామస్ హోల్ట్ తన వంటవాడి తలను కత్తితో రెండు చెక్కలు చేశాడని, ఒక్కో చెక్క ఒక్కో భుజం మీద పడిందని ఒకడన్నాడు. 1608లో కోర్టు ఏమంది? వంటవాడు చచ్చాడని అనలేదు కదా, కాబట్టి దావా చెల్లదు! ఆ లెక్కన మీ మందలోకి గొర్రెలు వాటంతటవే దారి తప్పి వచ్చినట్టే. గెలిచినా నష్టపరిహారం 40 షిల్లింగులకు తగ్గితే, ఖర్చులు కూడా ఆ మొత్తానికి మించి రావు.

ఆ సవాలు ఉత్తరం ఇల్లు దాటకూడదు. అటువంటి సవాళ్లను నిషేధిస్తూ 1614లోనే రాజుగారి ప్రకటన వచ్చింది. అదే ఏడాది స్టార్ చాంబర్ అనే రాజుగారి కోర్టులో అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బేకన్ ఇద్దరి మీద కేసు నడిపాడు. ద్వంద్వయుద్ధం జరగనే లేదు. సవాలు రాసిన ప్రీస్ట్‌కు 500 పౌండ్లు, మోసుకెళ్లిన రైట్‌కు 500 మార్కులు (దాదాపు 333 పౌండ్లు) జరిమానా పడింది. మీ బావమరిదికి ఈ రెండో అంకె చెప్పండి. ఒకవేళ కత్తుల దాకా వెళ్లి మీరే గెలిస్తే అది హత్య, అంటే ఉరి, ఆస్తి జప్తు. ఉత్తరం పంపితే ఫిర్యాదుదారుగా వెళ్లాల్సిన మీరు ముద్దాయిగా నిలబడతారు.

మీ భార్యను వచ్చే ఆదివారం నుంచి చర్చికి వెళ్లమనండి. వెళ్లని ప్రతి ఆదివారానికీ 12 పెన్నీల జరిమానా ఉంది. పైగా ఆ బెంచీ ఖాళీగా ఉంటే అతనిదే అవుతుంది.

చేయాల్సింది ఇదీ. లండన్‌లో హెరాల్డుల కార్యాలయానికి మనిషిని పంపి 1623 పుస్తకం వెతికించండి. మీ తాతకు అన్నగానీ తమ్ముడిగానీ నమోదై ఉన్నా ఆ వంశమేనని చూపవచ్చు. పాత దస్తావేజుల మీద ముద్ర, చర్చిలో మీవాళ్ల సమాధి మీద చిహ్నం, మీ కుటుంబాన్ని మొదటినుంచీ జెంటిల్మన్లుగానే ఎరిగిన ముసలివాళ్ల సాక్ష్యం పోగుచేయండి. ఇవి కుదిరితే వెంటనే ఫిర్యాదు వేద్దాం. 1629 తర్వాత పార్లమెంటు కూర్చోలేదు. అది కూర్చున్న రోజున, కామన్ లా వకీళ్లకు కంటగింపుగా ఉన్న ఈ కోర్టు ఎన్నాళ్లుంటుందో హామీ ఇవ్వలేను.

పుస్తకంలో మీ నాన్నగారి పేరు ‘జెంటిల్మన్లు కారు’ అన్న జాబితాలో కనబడితే మాత్రం కేసు మాట ఎత్తకండి. ఇద్దరికీ కావలసిన జస్టిస్ ఆఫ్ ది పీస్ (స్థానిక మేజిస్ట్రేటు) ఒకరిని మధ్యవర్తిగా పెట్టి రాజీకి రండి. క్షమాపణ మాటలు ముందే కాగితం మీద రాయించండి. ఆ రోజు భోజనాల దగ్గర ఉన్నవాళ్లందరి ముందూ అతను చదవాలని షరతు పెట్టండి. బెంచీ సంగతి కూడా ఆ కాగితంలోనే తేల్చుకోండి.