అర్రే_కంబైన్ వాడే ముందు చూసుకోవాల్సినవి

చిరంజీవి శ్రీకాంత్‌కి మామయ్య ఆశీస్సులు.

బేగంబజార్ డ్రైఫ్రూట్స్ షాపు వెబ్‌సైట్‌లో డెలివరీ చార్జీల పేజీ నీకు అప్పగించారని, పిన్‌కోడ్‌లు ఒక అర్రేలో (విలువల జాబితాలో), చార్జీలు ఇంకో అర్రేలో వస్తున్నాయని రాశావు. రెండు అర్రేలను జతచేసే పీహెచ్‌పీ ఫంక్షన్ అర్రే_కంబైన్‌తో జోడిస్తే చాలా అని అడిగావు. జోడించడానికి ఒక్క లైను చాలు. ఏ చార్జీ ఏ పిన్‌దో ఆ లైనుదాకా చెదరకుండా తేవడంలోనే ఉంది పనంతా.

పీహెచ్‌పీలో ఆ ఫంక్షన్ వరుసక్రమం ఒక్కటే చూస్తుంది. మొదటి అర్రేలో మొదటిది కీ, అంటే విలువను వెతికి పట్టే పేరు; రెండో అర్రేలో మొదటిది దాని విలువ. లోపల ఇండెక్స్‌లు ఏమున్నా దానికి పట్టదు. రెండింట్లో ఎన్నున్నాయన్న లెక్క కుదరకపోతే వెర్షన్ 8 నుంచి వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ విసురుతుంది. 7లో అయితే వార్నింగ్ ఇచ్చి ఫాల్స్ తిరిగిచ్చేది. కాబట్టి సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో ముందు కనుక్కో.

లెక్క తప్పితే ఎర్రర్ కనబడుతుంది, సరిచేసుకోవచ్చు. లెక్క కుదిరి జతలు తప్పినప్పుడే ప్రమాదం. షాపాయన నాలుగు వరుసలు నింపాడనుకో: 500012కి 0, అంటే ఉచితం, 500016కి 60, 500003కి 80, నాలుగోదాంట్లో 100 కొట్టి పిన్ ఖాళీగా వదిలేశాడు. ఖాళీలు తీసేద్దామని నువ్వు రెండు అర్రేలనూ విడివిడిగా అర్రే_ఫిల్టర్‌లో వేశావు. పిన్‌లు మూడు మిగిలాయి. చార్జీల్లో ఆ 0 కూడా ఖాళీ కింద ఎగిరిపోయి 60, 80, 100 మిగిలాయి. మూడుకి మూడు, ఎర్రర్ లేదు. ఉచితం కావాల్సిన బేగంబజార్‌కి 60 పడింది, అమీర్‌పేటకి 80, సికింద్రాబాద్‌కి 100.

అందుకే ఫారంలోనే జతలు కట్టెయ్. పిన్[], చార్జీ[] అని రెండు జాబితాలు పెట్టకు. వరుసలు[0][పిన్], వరుసలు[0][చార్జీ] అన్న తీరులో ప్రతి వరుసకీ నంబరు ఇవ్వు. వడపోత వరుస మొత్తం మీద చెయ్. ఆ తర్వాత అర్రే_కాలమ్‌కి చార్జీని విలువగా, పిన్‌ని కీగా ఇస్తే కావలసిన అర్రే నేరుగా వస్తుంది, కంబైన్ అవసరమే ఉండదు. చెక్‌బాక్స్ ఉన్నచోట ఇది మరీ ముఖ్యం: టిక్ పెట్టని బాక్స్‌ని బ్రౌజర్ పంపనే పంపదు. దానికి ముందు అదే పేరుతో, 0 విలువతో ఒక హిడెన్ (తెరమీద కనబడని) ఫీల్డ్ పెట్టు.

ఒకే పిన్ రెండుసార్లు వస్తే చివరిదే నిలుస్తుంది, చప్పుడు చేయదు. రెండోసారి వచ్చినవి తీసేసే అర్రే_యూనిక్‌తో లెక్క పోల్చి, తేడా ఉంటే సేవ్ చేయకుండా షాపాయనకే చూపించు. పిన్ ఆరు అంకెలు ఉందో లేదో చూడు, కానీ 500తో మొదలవ్వాలని బిగించకు. శివారుల్లో 501, 502 కూడా ఉన్నాయి.

పాత చార్జీలతో కొత్తవి కలిపేటప్పుడు అర్రే_మెర్జ్ వాడకు. '500016' కొటేషన్లలో ఉన్నా కీగా మారేసరికి పూర్ణాంకమైపోతుంది, మెర్జ్ అలాంటి కీలన్నింటికీ 0 నుంచి కొత్త నంబర్లు వేస్తుంది. పిన్‌లు మాయమవుతాయి. అర్రే_రీప్లేస్ వాడు, రెండోదిగా కొత్త అర్రే ఇవ్వు. ప్లస్ గుర్తుతో కలిపితే ఎడమవైపుది నెగ్గుతుంది, అప్పుడు కొత్తది ఎడమన ఉండాలి. ఎస్‌టీడీ కోడ్ '040' మాత్రం ముందున్న సున్నా వల్ల స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాలుగానే ఉంటుంది. కొటేషన్లు మర్చిపోయి 040 అని రాస్తే ఆక్టల్‌గా, అంటే ఎనిమిది ఆధారమైన సంఖ్యగా చదివి 32 చేస్తుంది.

ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఫైలు) తెస్తే మొదటి హెడర్ ముందు 3 బైట్ల బామ్ అనే కనబడని గుర్తు ఉండొచ్చు, అది తీసెయ్. తీయకపోతే 'పిన్' అనే కీ కళ్లముందే ఉండి కూడా దొరకదు. ఖాళీ లైను వస్తే, ఫైలును లైను లైనుగా చదివే ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ ఒక్క నల్ (విలువ లేదనే గుర్తు) ఉన్న అర్రే ఇస్తుంది, దాన్ని దాటేయ్.

ఇంకొకటి. ఫారం నుంచి పీహెచ్‌పీ తీసుకునే ఫీల్డ్‌ల పరిమితి మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ డిఫాల్ట్ 1000. వరుసకి రెండు ఫీల్డ్‌లంటే 500 వరుసలు దాటగానే మిగతావి రాలిపోతాయి, వార్నింగ్ లాగ్‌లో పడుతుంది తప్ప పేజీ ఆగదు. ఫారం చివర్లో 'ముగిసింది' అని ఒక హిడెన్ ఫీల్డ్ పెట్టు. అది రాకపోతే ఏదీ సేవ్ చేయకు.

మీ మామయ్య,
హైదరాబాద్