కొత్త కోచ్ గురించి రాసే ముందు: చిన్నమ్మాయికి ఒక ఉత్తరం

చిన్నమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. డెస్క్‌లో చేరి ఏడాది కాకుండానే అంతర్జాతీయ ఫుట్‌బాల్ నీ చేతికి ఇచ్చారంటే చాలా సంతోషం. జాతీయ జట్టుకి కొత్త కోచ్ వచ్చి జట్టుని మళ్ళీ మొదటి నుంచి కడుతుంటే ఎన్ని మ్యాచ్‌లు చూశాక ఒక మాట అనొచ్చు, నాలుగు చాలా, ఆరు కావాలా అని అడిగావు. అంకె చెప్పడం నావల్ల కాదు. ఆరు చూసీ తప్పు రాయొచ్చు, ఒక్కదాంట్లోనే అసలు సంగతి దొరకొచ్చు. నేను ఒకసారి ఎక్కడ పొరబడ్డానో చెబుతాను, అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

2018 అక్టోబరు 10. జెనోవాలో ఇటలీ, ఉక్రెయిన్ ఫ్రెండ్లీ, అంటే ఏ టోర్నీకీ చెందని మ్యాచ్. ఇటలీ ఆ ఏడాది ప్రపంచకప్‌కే వెళ్ళలేదు. అర్హతకి ఆఖరి అవకాశమైన ప్లేఆఫ్‌లో స్వీడన్ చేతిలో ఓడి, అరవై ఏళ్ళలో మొదటిసారి ఇంట్లో కూర్చుంది. మే నెలలో రాబెర్టో మాన్సినీ కోచ్‌గా వచ్చాడు. సౌదీ అరేబియా మీద 2-1తో గెలిచాడు. ఆ తర్వాత ఫ్రాన్స్ చేతిలో 3-1తో ఓటమి, నెదర్లాండ్స్‌తో 1-1, పోలండ్‌తో 1-1, పోర్చుగల్ చేతిలో 1-0తో మళ్ళీ ఓటమి. జెనోవాలో కూడా 1-1. ఆరు మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. ఆ రాత్రి డ్యూటీలో నేనే ఉన్నాను. ఏజెన్సీ కాపీ వచ్చింది, స్కోరు చూశాను, ఇటలీ కష్టాలు తీరలేదని హెడ్డింగ్ పెట్టి పేజీ పంపేశాను. మ్యాచ్ చూడలేదు. జట్టు జాబితా కూడా చదవలేదు.

2021 జూలై 11న వెంబ్లీలో యూరో (ఐరోపా దేశాల కప్) ఫైనల్‌కి ఇటలీ జట్టు ప్రకటించగానే ఎందుకో ఆ పాత మ్యాచ్ గుర్తొచ్చింది. వెతికి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. డోనరుమ్మా, బొనుచ్చి, కియెల్లిని, బరెల్లా, జోర్జినో, వెరాట్టి, ఇన్సీనే, కియేసా. పదకొండు మందిలో ఎనిమిది మంది జెనోవాలో మొదలుపెట్టినవాళ్ళే. మిడ్‌ఫీల్డ్ ముగ్గురికి ముగ్గురూ వాళ్ళే. బరెల్లాకైతే ఆ ఉక్రెయిన్ మ్యాచే జాతీయ జట్టులో మొదటిది. ఆ ఫైనల్ ఇటలీయే గెలిచింది. ఇటలీకి 37 మ్యాచ్‌లు ఓటమి లేకుండా సాగిన వరుస కూడా ఆ 1-1 దగ్గరే మొదలైంది. కావలసినదంతా ఆ రాత్రి నా బల్ల మీదున్న కాగితంలోనే ఉంది. నేను చూసింది స్కోరు ఒక్కటే. ఆ హెడ్డింగ్ తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే నీకు ముందుగా చెప్పేది, జాతీయ కోచ్ చేతిలో ఎంత టైమ్ ఉంటుందో ఒకసారి వేసుకుని చూడు. ఆటగాళ్ళు ఆదివారం క్లబ్ మ్యాచ్ ఆడతారు. సోమవారం రాత్రికి ఒక్కొక్కరే క్యాంప్‌కి చేరతారు, కొందరైతే పది పన్నెండు గంటలు విమానంలో కూర్చుని వస్తారు. మంగళవారం ఆదివారం ఆడినవాళ్ళు కాళ్ళకి విశ్రాంతి ఇచ్చుకోవాలి, వాళ్ళకి సైకిల్ తొక్కడం, మసాజ్ తప్ప ఏమీ ఉండదు. బుధవారం అందరూ కలిసి ఒక పూర్తి ట్రైనింగ్. గురువారం తేలికపాటిది. శుక్రవారం మ్యాచ్. నాలుగు రోజులాగి రెండోది. మర్నాడు పొద్దున ఎవరి క్లబ్‌కి వాళ్ళు వెళ్ళిపోతారు. క్లబ్ మ్యాచ్‌లు ఆపి జాతీయ జట్లకి ఇచ్చే ఈ కొద్ది రోజుల్నే విండో అంటారు. అంటే ఒక విండోలో కొత్త విషయం నేర్పడానికి నిజంగా దొరికేవి రెండు మూడు సెషన్లు. నవంబరు విండో అయిపోతే మళ్ళీ మార్చి దాకా ఆటగాళ్ళు కంటికి కనబడరు. ఆ కాస్త టైమ్‌లో ఎవరైనా ఒక్క పాఠమే చెప్పగలరు. అయిదు రాలేదని రాస్తే అన్యాయం. ఆ ఒక్కటి ఏం ఎంచుకున్నాడు, తర్వాతి విండోలో మళ్ళీ అదే చెప్పాడా అన్నది నువ్వు పట్టుకోవాలి.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. కాకపోతే బంతి మీద నుంచి కళ్ళు తీయాలి. నేను చేసే పని చెబుతాను. మొదటి సగంలో ఓ పది నిమిషాలు, రెండో సగంలో డెబ్భయ్యో నిమిషం నుంచి మరో పది నిమిషాలు, బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ఆ తర్వాత అయిదు సెకన్లు మాత్రమే చూస్తాను. పాస్ తప్పిన వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) చేతులు పైకెత్తి నిలబడ్డాడా, తిరిగి పరిగెత్తాడా? దగ్గరున్న మిడ్‌ఫీల్డర్ ముందుకొచ్చి మీద పడ్డాడా, రెండడుగులు వెనక్కి వేశాడా? వెనకున్న డిఫెండర్లు వాళ్ళతోపాటే పైకి జరిగారా? కొత్త కోచ్ మొదటి మ్యాచ్‌లో సాధారణంగా ఇద్దరు పరిగెడతారు, మూడోవాడు పక్కవాడి మొహం చూస్తాడు, నాలుగోవాడు ఉన్నచోటే ఉంటాడు. ఆ సందులోంచి గోల్ పడుతుంది, స్కోరు పాడవుతుంది. నాలుగో మ్యాచ్‌కి ఆ నలుగురూ ఒకేసారి కదిలితే, ఆ రోజు ఓడినా సరే, పని జరుగుతోందని రాయి. డెబ్భయ్యో నిమిషం ఎందుకంటే, అలసిపోయినవాడు మొన్న నేర్చుకున్నది మరిచిపోయి తన క్లబ్‌లో అలవాటైనదే చేస్తాడు. అప్పుడు కూడా కొత్తదే చేశాడంటే అది ఒంటికి పట్టినట్టు లెక్క.

గోల్ కిక్ కూడా చూడు. గోల్‌కీపర్ బంతి పెట్టగానే సెంటర్ బ్యాక్‌లు, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడేవాళ్ళు, ఇద్దరూ ఎక్కడ నిలబడ్డారో నోట్ చేసుకో. ఎదుటి జట్టు ఒత్తిడి పెంచినప్పుడు కూడా అక్కడే నిలబడుతున్నారా, భయపడి బంతిని దూరంగా పైకి కొట్టించేస్తున్నారా అన్నది మ్యాచ్ మ్యాచ్‌కీ పోల్చుకోవచ్చు.

ఇక గెలుపుల సంగతి. ఓటమికి తొందరపడి తిట్టేవాళ్ళు కొందరైతే, గెలుపుకి తొందరపడి పొగిడేవాళ్ళు ఇంకా ఎక్కువ. హాన్సీ ఫ్లిక్ 2021 ఆగస్టులో జర్మనీకి కోచ్‌గా వచ్చాడు. మొదటి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచాడు. జర్మనీ కోచ్‌లలో అంత బాగా మొదలుపెట్టినవాళ్ళు అంతకు ముందు లేరు. కానీ ఆ ఎనిమిదిలో లీక్టెన్‌స్టైన్ మీద రెండు, ఆర్మేనియా మీద రెండు. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో జపాన్ చేతిలో ఓడి గ్రూప్ దశలోనే వెనక్కి వచ్చారు. 2023 సెప్టెంబరులో అదే జపాన్ వచ్చి జర్మనీ గడ్డ మీద 4-1తో కొట్టాక ఫ్లిక్‌ని తీసేశారు. అంతకు ముందు ఫ్లిక్ బాయెర్న్ క్లబ్‌తో అన్నీ గెలిచినవాడే, తర్వాత బార్సిలోనా క్లబ్‌తో స్పెయిన్ లీగ్ లా లిగా కూడా గెలిచాడు. రోజూ ట్రైనింగ్ దొరికే చోట పనిచేసిన మనిషి, విండోకి రెండు సెషన్లు దొరికే చోట చేయలేకపోయాడు. ఇవి రెండు వేరు వేరు ఉద్యోగాలని నీ పాఠకులకి మొదటి వ్యాసంలోనే చెప్పు.

కోచ్ వచ్చేసరికి చేతికి ఏం అందిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2006లో జర్మనీ మూడో స్థానంలో నిలిచినప్పుడు కుర్రాళ్ళని పైకి తెచ్చాడని యుర్గెన్ క్లిన్స్‌మన్‌ని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసినవాడే. అయితే లామ్, ష్వైన్‌స్టైగర్, పొడోల్స్కీ, ఈ ముగ్గురికీ మొదటి అవకాశం ఇచ్చింది అతనికి ముందున్న రూడీ ఫోలర్. 2004 యూరోలో గ్రూప్ దశలోనే పోయి రాజీనామా చేసిన ఆ ఫోలరే. అలాగే, ఆ ప్రపంచకప్‌కి మూడు నెలల ముందు, 2006 మార్చి 1న, క్లిన్స్‌మన్ జట్టు ఇటలీ చేతిలో 4-1తో ఓడింది. దేశమంతా అతని మీద విరుచుకుపడింది. కాలిఫోర్నియాలో కాపురముంటూ జర్మనీ జట్టుని నడపడమేమిటన్నారు. పద్ధతి మాత్రం అతను మార్చలేదు. మార్చి నుంచి జూన్ దాకా ఆ కొద్ది వారాల్లో మాట వెనక్కి తీసుకుని ఉంటే అటూ ఇటూ కాకుండా పోయేవాళ్ళు.

నా మటుకు నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది మొదటి గట్టి ఓటమి తర్వాత వచ్చే స్క్వాడ్ జాబితా. మొదటి జాబితా ఎవరైనా ధైర్యంగానే ఇస్తారు. కొత్తవాడు కదా, అందరూ చప్పట్లు కొడతారు. దెబ్బ తిన్నాక ఇచ్చే రెండో జాబితాలో అసలు మనిషి బయటపడతాడు. లియోనెల్ స్కలోని 2018లో అర్జెంటీనాకి వచ్చినప్పుడు సీనియర్ జట్టుకి హెడ్ కోచ్‌గా పనిచేసిన అనుభవమే లేదు. 2019 మార్చిలో మెస్సీ తిరిగొచ్చిన మ్యాచ్‌లో వెనెజువెలా చేతిలో 3-1తో ఓటమి. జూన్‌లో కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్) మొదటి మ్యాచ్‌లోనే కొలంబియా చేతిలో 2-0. జూలైలో సెమీఫైనల్లో బ్రెజిల్ చేతిలో 2-0. ఇన్ని జరిగినా డి పాల్, పరెదెస్, లౌతారో మార్టినెజ్‌ల మీద పెట్టిన నమ్మకం తీయలేదు. అలాగని మొండిగా అన్నీ అలాగే ఉంచాడా అంటే అదీ లేదు. గోల్‌లో, వెనక డిఫెన్స్‌లో కొరత ఉందని తెలిసి వెతుకుతూనే ఉన్నాడు. గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్, డిఫెండర్ క్రిస్టియన్ రొమేరో ఇద్దరూ మొదటిసారి ఆడింది 2021 జూన్‌లో. అంటే కోచ్ వచ్చిన దాదాపు మూడేళ్ళకి. మరుసటి నెలే కోపా గెలిచారు, ఏడాదిన్నర తిరక్కుండా ప్రపంచకప్. కొరత ఉందని కోచ్‌కి తెలుసా, తెలిసి వెతుకుతున్నాడా అన్నదే మొదటి ఏడాదిలో నువ్వు అడగాల్సింది. అది ఇంకా నిండలేదన్నది అప్పుడే తప్పు కాదు.

అలా జాబితాని చదివేటప్పుడు ఆటగాడి వయసు ఈనాటిది రాయొద్దు. వచ్చే పెద్ద టోర్నీ నాటికి ఎంతుంటుందో రాసుకో, అప్పుడు జాబితా వేరేగా కనిపిస్తుంది. కానీ సీనియర్లని తీసేయడమే కొత్తగా కట్టడం అనుకోకు. ఇటలీ యూరో గెలిచిన రోజు కియెల్లినికి 36, బొనుచ్చికి 34. కుర్రాళ్ళు తప్పు చేసినా జట్టు నిలబడాలంటే వెనక అలాంటివాళ్ళు ఇద్దరుండాలి. ఒకేసారి అయిదారుగురు సీనియర్లని పంపేసిన కోచ్‌ని చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

చేసిన తప్పుని కోచ్ గుర్తించాడా లేదా అన్నది ఇంకో మాట. 2023 మార్చిలో స్పెయిన్ కోచ్‌గా లూయిస్ డి లా ఫుయెంటే మొదటి మ్యాచ్‌లో నార్వేని 3-0తో ఓడించాడు. మూడు రోజులకి ఎనిమిది మార్పులు చేసి స్కాట్లండ్ మీదకి దిగితే 2-0తో ఓటమి. ఇతనికి ఇంత పెద్ద జట్టు ఎందుకిచ్చారని స్పెయిన్‌లో గోల. కానీ అతను ఊరకనే వచ్చినవాడు కాదు. 2015లో అండర్-19 యూరో, 2019లో అండర్-21 యూరో గెలిపించినవాడు. ఉనాయ్ సిమోన్, రోద్రి, మెరినో, ఫాబియన్, ఓల్మో, ఒయార్జబాల్ లాంటి వాళ్ళు చిన్నప్పుడే అతని చేతి కింద ఆడారు. ఆ స్కాట్లండ్ ఓటమి తర్వాత మూడు నెలలకే ఐరోపా జట్ల మరో కప్ నేషన్స్ లీగ్, మరుసటి ఏడాది ఏడుకి ఏడు మ్యాచ్‌లూ గెలిచి యూరో. కోచ్ పాత రికార్డు రాసేటప్పుడు ఎన్ని కప్పులు గెలిచాడన్నది ఒక్క లైన్లో ముగించు. ఈ కుర్రాళ్ళని ముందు నుంచీ ఎంత ఎరుగున్నవాడో దానికి ఒక పేరా ఇవ్వు.

ప్రెస్ మీట్ల మీద ఎక్కువ ఆధారపడొద్దు. ఓడిన రాత్రి ఎవరైనా ఏదైనా అంటారు. ఒక్కటి మాత్రం చెవిన వేసుకో: కుర్రాడి పేరు పెట్టి తప్పు అతని మీద వేశాడా? అలా చేసిన కోచ్ క్యాంప్‌లో తర్వాత ఎవరూ రిస్కు చేసి పాస్ వేయరు.

వచ్చిన ప్రతి కోచ్ జట్టుని మళ్ళీ కట్టడానికే వచ్చాడనుకోవడం కూడా పొరపాటే. వలీద్ రెగ్రాగుయి మొరాకోకి 2022 ఆగస్టు ఆఖర్లో వచ్చాడు. ప్రపంచకప్ నవంబరులో. కట్టడానికి టైమెక్కడిది? పాత కోచ్‌తో చెడి దూరమైన ఆటగాడు జియెష్‌ని వెనక్కి పిలిచాడు, ఉన్నవాళ్ళ మధ్య మాటలు కలిపాడు, ఆఫ్రికా నుంచి సెమీఫైనల్ ఆడిన మొదటి జట్టుగా నిలబెట్టాడు. ముందు ఆ కోచ్‌కి ఇచ్చిన పని ఏమిటో తెలుసుకుని ఆ పనికే మార్కులు వెయ్యి.

రాయాలి కదా, ఎడిటర్ ప్రతి విండో తర్వాత తీర్పు కావాలంటాడు కదా అంటావు. రాయి. వెనకాడొద్దు. కానీ బాగుందా బాగాలేదా అని కాకుండా, పోయినసారికి ఈసారికి ఏం మారిందో, ఏం మారలేదో చూసింది చూసినట్టు రాయి. నాలుగు విండోలు, అంటే దాదాపు ఎనిమిది మ్యాచ్‌లు, అయ్యాక కూడా అతను నేర్పుతున్న ఆ ఒక్క విషయం ఏమిటో నీకు చెప్పడం రాకపోతే, అప్పుడు గట్టిగానే రాయి. ఎవరికోసమూ మెత్తబడొద్దు. అభిమానులు టికెట్ కొనుక్కుని, రాత్రుళ్ళు మేలుకుని చూస్తున్నారు, వాళ్ళకి నిజం చెప్పాలి. మంచి మాట రాశాక కూడా చూడటం మానొద్దు. యూరో గెలిచిన ఎనిమిది నెలలకే, 2022 మార్చి 24న పలెర్మోలో, మాన్సినీ ఇటలీ ఉత్తర మాసిడోనియా చేతిలో 1-0తో ఓడి మరో ప్రపంచకప్‌కి దూరమైంది.

ఒక నోటు పుస్తకం విడిగా పెట్టుకో. ఎడమ పేజీలో మొదలుపెట్టిన పదకొండు మంది, వచ్చే టోర్నీ నాటికి వాళ్ళ వయసులు. కుడి పేజీలో బంతి పోయాక ఆ అయిదు సెకన్లలో నువ్వు చూసింది. స్కోరు అడుగున చిన్నగా రాయి. వచ్చే విండోలో రెండు మ్యాచ్‌లూ అయ్యాక ఆ నాలుగు పేజీలూ ఫోన్లో ఫోటో తీసి నాకు పంపు. నేనూ ఆ మ్యాచ్‌లే చూసి రాసి ఉంచుతాను. రెండూ పక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.

మీ పెద్దనాన్న