తిమిరి చేప నమూనా: ఉప్పునీటిలో వోల్టేజి పడిపోవడానికి కారణం

తిరుపతి పాఠశాల ప్రదర్శనకు మీ అమ్మాయి చేసిన తిమిరి చేప, అంటే ఎలక్ట్రిక్ రే నమూనాలో 12 టార్చి సెల్లులనూ ఒకే వరుసగా కలపడం వల్లనే ఉప్పునీటి తొట్టిలో వోల్టేజి పడిపోతోంది. ఆ అమరిక మంచినీటిలో బ్రతికే ఎలక్ట్రిక్ ఈల్‌కు తగినది. సముద్రపు నీరు విద్యుత్తును సులువుగా పోనిస్తుంది కనుక తిమిరి చేపకు వోల్టేజి కంటే కరెంటు ముఖ్యం.

1. సెల్లులను మూడేసి చొప్పున నాలుగు దొంతరలుగా, ఇడ్లీ రేకుల్లా నిలువుగా పేర్చండి. చేప తలకు ఇరువైపులా ఉండే విద్యుత్ అవయవాలలో బిళ్ళల వంటి కణాలు ఇలాగే పేరుకొని ఉంటాయి. పైనుంచి చూస్తే ఆ స్తంభాలు తేనెపట్టు గదుల్లా కనిపిస్తాయి.

2. చాలామంది మరచేది ఇక్కడే. దొంతరలన్నీ ఒకే దిశలో ఉండాలి. టార్పిడో అనే తిమిరి చేప జాతులలో షాక్ వెలువడేటప్పుడు వీపు ధనధ్రువంగా, పొట్ట రుణధ్రువంగా ఉంటాయి కనుక ప్రతి సెల్లు బొడిపె పైకే ఉంచి, పై కొనలన్నిటినీ ఒక తీగతో, కింది కొనలన్నిటినీ మరొక తీగతో కలపండి. ఒక్క దొంతర తిరగబడినా మిగిలిన వాటి కరెంటు దానిలోకే పోయి సెల్లులు వేడెక్కుతాయి. దయచేసి తీగలు కలపక ముందే బొడిపెలన్నీ పైకే ఉన్నాయో లేదో మీరే ఒకసారి వేలు పెట్టి లెక్కచూడండి.

3. తీగలను కిటికీ తెరిచి కొన్ని సెకన్లే ముంచండి, ఉప్పునీటి నుండి క్లోరిన్ వెలువడుతుంది.

వేట గురించి చార్టులో ఇలా వ్రాయవచ్చు: ఇసుకలో దాగి, దగ్గరికి వచ్చిన చేపపైకి ఉరికి, రెక్కలతో కప్పి షాక్ ఇచ్చి, అది స్తంభించాక నోటికి అందుకుంటుంది.