బాయికాడి రాస్ప్‌బెర్రీ పై మొరాయిస్తే: కోడలికి మేనత్త లేఖ

చి. కోడలికి,

మేనత్త ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను, ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. బత్తాయి తోటలో నేల తేమ ఎంతుందో, వేడి ఎంతుందో ఫోన్‌లో కనిపించేలా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. దేవరకొండ వైపు బోరు నీళ్ల విలువ మీ నాయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏ పాదుకు తడి అందింది, ఏది ఎండుతోంది అన్నది లెక్క ప్రకారం తెలిస్తే ఎండాకాలంలో ఆ తోటకు అది పెద్ద ఆసరా. అందుకే ఈ పని మధ్యలో వదిలేయొద్దని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట మాత్రం నాకు నచ్చలేదు. "పని చేయనప్పుడల్లా కార్డు మళ్లీ కొత్తగా రాస్తున్నా అత్తమ్మా" అన్నావు. ముందు అది ఆపు. మోటరు నీళ్లు పోయకపోతే ఫ్యూజు చూస్తాం గానీ, బోరు పూడ్చి కొత్తది వేయించం కదా. ఆ మెమరీ కార్డు తుడిచినప్పుడల్లా తప్పు ఎక్కడుందో చెప్పే లాగ్ (బోర్డు తనే రాసుకునే చిట్టా) కూడా పోతుంది. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పిల్లల బోర్డులు చూసినదాన్ని, నమ్మకంగా చెబుతున్నా: కార్డు మళ్లీ రాస్తే బాగుపడే జబ్బులు తక్కువ. బాగుపడినట్టు కనిపించి రెండు రోజులకు తిరగబెట్టేవే ఎక్కువ.

కరెంటు, కార్డు, ఓఎస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్), నెట్, వైర్లు, నీ ప్రోగ్రాం. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి. అడుగు నుంచి మొదలుపెట్టు. ఒకసారికి ఒక్కటే మార్చు. చార్జరు, కార్డు రెండూ ఒకేసారి మారిస్తే, బాగయ్యాక కూడా ఏది మార్చితే బాగైందో తెలియదు. ఏం మార్చావో, ఏమైందో తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాసుకో.

ముందు కరెంటు సంగతి. నా అనుమానమంతా అక్కడే ఉంది. నీ ఫొటోలో బోర్డుకు పెట్టింది ఫోన్ చార్జర్, దానికి సన్నటి పొడవాటి తెల్ల కేబుల్. చార్జర్ మీద 33 వాట్లు అని రాసి ఉందని ధైర్యంగా ఉన్నట్టున్నావు. ఆ వాట్లు ఫోన్‌తో మాట్లాడుకుని వోల్టేజీ పెంచినప్పుడు వచ్చేవి. 5 వోల్టుల దగ్గర అలాంటి చార్జర్లలో కొన్ని 2 ఆంపియర్లకు మించి ఇవ్వవు. నీ దగ్గరున్న రాస్ప్‌బెర్రీ పై 4కు కావలసింది 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. ఇక కేబుల్ లెక్క చూడు: పోయే తీగ, వచ్చే తీగ కలిపి 0.2 ఓమ్‌లు ఉన్నాయనుకో, 2 ఆంపియర్లు పారితే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. చార్జర్ దగ్గర 5 ఉన్నది బోర్డు దగ్గరికి వచ్చేసరికి 4.6. బోర్డు 4.63 దగ్గరే కరెంటు చాలడం లేదని మొత్తుకుంటుంది. ఎర్ర లైటు ఆరిపోవడం, స్క్రీన్ మూలన మెరుపు గుర్తు రావడం దానికే. "ఎర్ర లైటు అప్పుడప్పుడు పోయి వస్తోంది" అని నువ్వే రాశావు కదా!

దీన్ని కళ్లతో చూసుకునే మార్గం ఉంది. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే చోట) వీసీజెన్‌సీఎండీ, ఒక ఖాళీ, గెట్ అండర్‌స్కోర్ త్రాటిల్డ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు. 0ఎక్స్0 అని వస్తే అంతా బాగున్నట్టు. 0ఎక్స్50000 వస్తే బోర్డు ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజీ పడిపోయి, వేగం తగ్గించుకుందని అర్థం. చివర 5 కూడా ఉండి 0ఎక్స్50005 అని కనిపిస్తే, ఈ క్షణంలో కూడా అదే పరిస్థితి. మల్టీమీటర్ ఉంటే సెన్సార్లన్నీ నడుస్తుండగానే 2వ పిన్నుకు, 6వ పిన్నుకు మధ్య కొలువు. ప్రోబ్ జారి పక్క పిన్నుకు తగలకుండా జాగ్రత్త, అక్కడ 5 వోల్టులు 3.3 వోల్టుల పిన్ను మీద పడితే బోర్డు పోతుంది. హైదరాబాద్ పోయినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో పై 4 కోసమే చేసిన పవర్ సప్లై అడిగి తెచ్చుకో. దాని కేబుల్ దానికే అతికి ఉంటుంది. ఆ ఖర్చుకు వెనకాడకు, మీ నాయన అడ్డం చెబితే నాతో మాట్లాడమను.

కరెంటు సరిచేశాక కార్డు. ముందు బోర్డు బతికే ఉందా లేదా తేల్చుకో. కార్డు తీసేసి, మానిటర్ వైరు టైప్-సి పవర్ పోర్టు పక్కనే ఉన్న మైక్రో హెచ్‌డీఎంఐలో పెట్టి, ఆ తర్వాత పవర్ ఇవ్వు. కొద్ది సెకన్లలో బూట్‌లోడర్ (బోర్డును లేపే మొదటి ప్రోగ్రాం) వివరాలతో ఒక స్క్రీన్ వస్తే బోర్డు బాగానే ఉంది, అనుమానం కార్డు మీదికి పోతుంది. ఆకుపచ్చ లైటు కార్డు చదువుతున్నప్పుడు మినుకుతుంది. అది లెక్కగా నాలుగు సార్లు కొట్టి ఆగి, మళ్లీ నాలుగు సార్లు కొడుతుంటే బూట్‌కు కావలసిన ఫైలు దొరకలేదని, ఏడు సార్లయితే ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్ దొరకలేదని అర్థం.

కార్డును విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే "ఫార్మాట్ చేయాలా" అని ఒక డబ్బా వస్తుంది, చూశావా? భయపడి ఓకే నొక్కకు. పై ఓఎస్ ఉండే లైనక్స్ భాగాన్ని విండోస్ చదవలేదు కాబట్టి అలా అడుగుతుంది, కార్డు పాడైందని కాదు. అందులో చిన్న బూట్ భాగం మాత్రం విండోస్‌కు కనిపిస్తుంది. కార్డు తెలిసిన దుకాణంలో బిల్లుతో కొను. రోడ్డు పక్కన సగం ధరకు దొరికే 128 జీబీ కార్డుల్లో లోపల 8 జీబీయే ఉండి, పైన అంకె మాత్రం 128 అని చూపించేవి ఉంటాయి. లైనక్స్‌లో ఎఫ్3 అనే టూల్, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నిండా రాసి, తిరిగి చదివి ఆ మోసాన్ని పట్టిస్తాయి. నీ పనికి 32 జీబీ మంచి కార్డు చాలు. ఇమేజర్ అనే ప్రోగ్రాంతో కార్డులోకి ఓఎస్ రాసేటప్పుడు చివర వెరిఫై (రాసింది సరిచూడడం) జరుగుతుంది, ఆలస్యమవుతోందని దాన్ని దాటేయకు.

బాయికాడ కరెంటు చెప్పి పోదు. రాసే మధ్యలో పోయిందంటే కార్డులో ఫైళ్లు చెడతాయి. నువ్వు ఆపేటప్పుడు మాత్రం టెర్మినల్‌లో సుడో పవర్‌ఆఫ్ కొట్టి, ఆకుపచ్చ లైటు ఆగాకే ప్లగ్ తియ్యి. అంతా కుదిరాక రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద రాతలు ఆగిపోతాయి, కరెంటు పోయినా ఓఎస్‌కు దెబ్బ తగలదు. అయితే అప్పుడు కార్డులో దాచిన రీడింగులు రీస్టార్ట్‌కు పోతాయి, కాబట్టి వాటిని పెన్‌డ్రైవ్‌లోకి రాయించు.

పెట్టిన చోటు గురించి కూడా చెప్పాలి. స్టార్టర్ ఉన్న ఇనుప డబ్బాలోనే బోర్డు పెట్టావు. అక్కడి నుంచి తీసెయ్యి. స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటరు స్విచ్) టక్కున పడ్డప్పుడల్లా పుట్టే కుదుపు పక్కనున్న వైర్లలోకి ఎక్కుతుంది, "మోటర్ ఆన్ చేసినప్పుడే హ్యాంగ్ అవుతోంది" అన్నదానికి అదే కారణం కావచ్చు. పైగా మే నెలలో మన నల్లగొండ ఎండకు రేకుల గదిలో మూసిన ఇనుప డబ్బా పొయ్యే. ప్రాసెసర్ 80 డిగ్రీలకు చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గదిలో వేరే గోడకు, నీడ పక్కన, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టు. గాలికి రంధ్రాలు ఉంచి వాటికి సన్నటి జాలీ అతికించు. బల్లులు, చీమలు వెచ్చదనానికి లోపల చేరతాయి, బోర్డు మీద బల్లి చచ్చి షార్ట్ అయితే ఎంత వెతికినా నీకు సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకదు.

ఓఎస్, నెట్ విషయంలో ఎక్కువ చెప్పను. పాత వీడియోలు చూసి చేస్తున్నట్టున్నావు, అక్కడే తికమక. యూజర్ పేరు "పై", పాస్‌వర్డ్ "రాస్ప్‌బెర్రీ" అనేది 2022 ఏప్రిల్ నుంచి లేదు. వైఫై వివరాలు ఒక ఫైల్లో రాసి బూట్ భాగంలో వేసే పద్ధతి 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వర్మ్ అనే ఓఎస్ వెర్షన్‌తో పోయింది. ఇమేజర్‌లోనే యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై, దేశం ఇండియా, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే దారి) అన్నీ పెట్టు. దేశం పెట్టకపోతే వైఫై లేవదు. పైథాన్ లైబ్రరీలు దించే పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని అడ్డు చెబితే టెన్షన్ పడకు, ప్రాజెక్టుకు విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని లైబ్రరీలకు వేరే ఫోల్డర్) చేసి అందులో వేసుకో.

గడియారం సంగతి మాత్రం వదలకు. పై 4లో గడియారం చిప్ లేదు, టైమ్ నెట్ నుంచే తెచ్చుకుంటుంది. మీ నాయన ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇంటికి వచ్చేశాక కరెంటు పోయి వచ్చిందనుకో, బోర్డు పాత టైమ్‌తోనే లేస్తుంది. రీడింగులన్నీ తప్పు గంటల్లో పడతాయి. నెట్ వచ్చాక కూడా టైమ్ సరిపడే దాకా సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తాయి. చిన్న డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టుకుంటే ఈ గొడవ తీరుతుంది. దాన్ని 3.3 వోల్టులకే కలుపు.

ఇక సెన్సార్లు. పిన్నుల లెక్కలోనే సగం మంది తప్పుతారు. బోర్డు మీద వరుసలో 7వ పిన్ను, ప్రోగ్రాంలో జీపీఐఓ (సెన్సార్లు కలిపే పిన్నుల వేరే లెక్క) 4. రెండు లెక్కలూ వేరు. టెర్మినల్‌లో పినౌట్ అని కొడితే బొమ్మ వస్తుంది, దాన్ని ముందు పెట్టుకుని మూల నుంచి వేలు పెట్టి లెక్కపెట్టు. ఈ పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సిగ్నల్ తగిలితే చెడిపోతాయి. వేడి కొలిచే డీఎస్18బీ20కి డేటా తీగకు, 3.3 వోల్టులకు మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. అది లేకపోతే సెన్సార్ అసలు కనిపించకపోవచ్చు. ఎప్పుడూ 85 డిగ్రీలే చూపుతుంటే అది తోట వేడి కాదు, పవర్ సరిగా అందక కొలత పూర్తి కాలేదని చెప్పే అంకె.

నేల తేమ సెన్సార్ తీగను నేరుగా పిన్నుకు కలిపి "ఎప్పుడూ ఒకటే చూపిస్తోంది" అన్నావు. రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ ఇన్‌పుట్ లేదమ్మా. పిన్నుకు ఉంది, లేదు అన్న రెండే తెలుసు, ఎంత ఉందో తెలియదు. మధ్యలో ఏడీఎస్1115 లాంటి కన్వర్టర్ పెట్టాలి, దాన్నీ 3.3 వోల్టులకే కలపాలి. రాస్పీ-కాన్ఫిగ్‌లో ఐ2సీ (ఇలాంటి మాడ్యూళ్లు రెండు తీగల మీద బోర్డుతో మాట్లాడే పద్ధతి) ఆన్ చేసి, ఐ2సీడిటెక్ట్ నడిపితే పట్టికలో 48 కనిపించాలి. గడియారం మాడ్యూల్ అయితే 68. ఆ అంకె కనిపించకపోతే తప్పు వైర్లలో ఉంది, నీ పైథాన్ కోడ్ జోలికి పోకు. ఐ2సీ తీగలు మీటరు లోపే ఉంచు. చెట్ల దాకా పొడవుగా లాగాలంటే దూరానికి పనికొచ్చే ఆర్ఎస్-485 రకం సెన్సార్లు తీసుకోవాలి. ఏ తీగైనా మోటర్ కేబుల్ వెంట లాగకు.

రెండు లోహపు కాళ్ల సెన్సార్ నేలలో తుప్పు పడుతుంది, కెపాసిటివ్ రకం తీసుకో. దాని అంకెలు నెట్‌లో చూసి పెట్టుకోకు. మీ ఎర్ర చెలక మట్టి తీరు వేరు, కింది మడిలోని రేగడి తీరు వేరు. మీ మట్టినే ఒక డబ్బాలో బాగా ఎండబెట్టి ఒక రీడింగ్, నిండా తడిపి నీరు వడిసిపోయాక ఇంకో రీడింగ్ తీసి, ఆ రెండింటి మధ్య కొలత పెట్టుకో. ఇది ఓపికగా చేస్తేనే ఆ అంకెలను నమ్మి మీ నాయన నీళ్లు వదలగలడు.

చేత్తో నడిపితే నడిచి, బోర్డు ఆన్ కాగానే నడవని ప్రోగ్రాంకు కారణం సాధారణంగా ఫైల్ దారి. పూర్తి దారి రాయి, సిస్టమ్‌డీ (ప్రోగ్రాంలను తానే మొదలుపెట్టే ఓఎస్ భాగం) సర్వీస్‌గా పెట్టు, పడిపోతే తానే లేచేలా రీస్టార్ట్ ఆల్వేస్ అని రాయి. ఎందుకు పడిందో లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్ చెబుతుంది. ఆ ఎర్రర్‌లో చివరి వరుస ముందు చదువు. నెట్ లేదని ప్రోగ్రాం ఆగిపోకూడదు, రీడింగ్ ముందు ఫైల్లో పడాలి, పంపడం ఆ తర్వాత.

చివరి ఫొటోలో పక్కన రిలే (పిన్ను సిగ్నల్‌తో పడే స్విచ్) బోర్డు కనిపించింది. మోటరు కూడా ఫోన్ నుంచి ఆన్ చేయాలని ఉందన్నమాట. ఆ కోరిక తప్పు కాదు, కానీ ఇప్పుడే వద్దు. అది మూడు ఫేజుల 415 వోల్టుల పని. బోర్డు లేచేటప్పుడు పిన్నులు ఏ స్థితిలో ఉంటాయో నీ ప్రోగ్రాం చేతిలో ఉండదు. మీ నాయన స్టార్టర్ విప్పి చేయి పెట్టి ఉండగా రిలే పడిందంటే ప్రాణం పోతుంది. బోర్డు హ్యాంగ్ అయి మోటరు ఆగకుండా ఒట్టి బోరులో తిరిగితే వైండింగ్ కాలుతుంది. ముందు కొలవడం వరకే చేసి, ఒక పంట కాలం మొరాయించకుండా నడవనివ్వు. ఆ తర్వాత మోటరు సంగతి నేను కూడా వచ్చి, మీ ఊరి ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, విడిగా టైమర్, డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) రక్షణ ఉన్న ప్యానెల్‌తో చూద్దాం. అప్పటిదాకా ఆ రిలేకు మోటర్ తీగ తగలనివ్వనని నాకు మాట ఇవ్వు.

పవర్ సప్లై మార్చి, డబ్బా జరిపి, ఒక రాత్రంతా నడిపాక ఆ త్రాటిల్డ్ కమాండ్ ఏం చూపిందో ఫొటో పంపు. కార్డు మాత్రం ముట్టుకోకు. ఏ టైమ్‌లోనైనా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మేనత్త