స్కాన్ తీసుంటే కోత తప్పేదా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అన్నయ్య చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. వయసు 41. సంక్రాంతికి ముందు ఒక రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. పోస్టుమార్టం రిపోర్టులో గుండె పెరిగింది, బరువు 520 గ్రాములు అని రాశారు. ఢిల్లీలో కోయకుండా స్కాన్ తీస్తారట కదా! ఇక్కడా అలా చేసుంటే మా అమ్మ అంతగా కుమిలిపోయేది కాదు.
– ఒక చెల్లెలు, చీమకుర్తి

జవాబు: అమ్మా, మార్చురీ బయట వేపచెట్టు కింద కూర్చుని ‘కొయ్యొద్దు సార్’ అని ఏడ్చిన తల్లుల్ని నెల్లూరులో చాలామందిని చూశాను. మీరు విన్నది నిజమే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 నుంచి సీటీ స్కాన్‌తో వర్చువల్ అటాప్సీ చేస్తున్నారు. ఎముక విరిగిందా, తూటా ఎక్కడుందన్నది స్కాన్ చక్కగా చెబుతుంది. గుండె పెరిగిందా అంటేనే తిప్పలు.

మనకు ఎక్స్‌రే తీసేటప్పుడు నిలబెట్టి ‘గాలి పీల్చి బిగబట్టు’ అంటారు కదా. ఆ ఫిల్ములో గుండె అడ్డుకొలత ఛాతీ అడ్డుకొలతలో సగం దాటితే పెరిగిందంటాం. శవం గాలి పీల్చదు. వెల్లకిలా ఉంటుంది, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) పైకి తోసుకొస్తుంది, గుండె దానిమీద అడ్డంగా పరుచుకుంటుంది. కుడివైపు గదుల్లో రక్తం నిలిచి ఉబ్బుతాయి కూడా. ఆ సగం లెక్కే పట్టుకుంటే బాగున్న గుండె కూడా పెరిగినట్టే కనిపిస్తుంది.

అందుకే గుండెను బయటికి తీసి తూస్తాం. తూయడంలోనూ జాగ్రత్త కావాలి. మా దగ్గర కొత్తగా చేరిన పీజీ అబ్బాయి ఒకసారి గుండెను అలాగే తక్కెడలో పెట్టి 460 గ్రాములన్నాడు. గదులు తెరిచి కొళాయి కింద కడిగించాను. నేరేడుపండ్ల గుజ్జులాంటి రక్తపు గడ్డలు పోయాక మళ్లీ తూస్తే 340. మగవాళ్లకు మామూలుగా ఉండే బరువే అది. ఆ అబ్బాయి మళ్లీ కడగకుండా తూచలేదు లెండి!

మీ అన్నయ్యది కడిగి తూచిన 520 అయితే మాత్రం మామూలు ఒళ్లున్న మనిషికి ఎక్కువే. రిపోర్టులో ఎడమ జఠరిక (ఒంటికంతా రక్తం పంపే గుండె గది) గోడ మందం ఎంత రాశారో చూడండి. ఒకటిన్నర సెంటీమీటరు దాటితే ఏళ్లతరబడి పట్టించుకోని బీపీ కావచ్చు, వంశంలో వచ్చే గుండె కండర జబ్బూ కావచ్చు. ఆయనకు బీపీ ఉండేదో లేదో మీరు రాయలేదు. ఏదైనా సరే మీరూ, ఆయన పిల్లలూ బీపీ చూపించుకుని ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించుకోండి. ఒంగోలు వెళ్లేటప్పుడు ఆ రిపోర్టు జిరాక్సు వెంట తీసుకెళ్లండి. గుండె డాక్టరు ముందు అడిగేది అదే.